గోడ అవతలి కప్ప: పిల్లల టెలివిజన్‌లో పొరుగు జంతువులు



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు పిల్లల పుస్తకాలను పెద్దల పుస్తకాలతో సమానంగా చదివారు, సమానంగానే నిలదీశారు. పిల్లల కోసమే కదా అని తేలిగ్గా రాసి పారేయడం ఆయనకు గిట్టేది కాదు. ఆయన చూపును పుస్తకాల దగ్గరే ఆపకుండా, గత అరవై ఏళ్లలో ఎన్నో దేశాల పిల్లల్ని పెంచిన మరో మాధ్యమం మీదికి మళ్లిద్దామని ఈ రోజు ప్రయత్నిస్తున్నాను. టెలివిజన్‌లో బొమ్మలతో నడిచిన హాస్య కార్యక్రమాలు, వాటిలోనూ ఇరుగుపొరుగున కాపురముండే జంతువుల కథలు నా విషయం.

చెప్పదలచింది ముందే చెప్పేస్తాను. పిల్లల తెర మీదికి జంతువు గురువుగా వచ్చినప్పుడు పాఠం మిగిలింది, జంతువు మరుగున పడింది. పొరుగువాడిగా వచ్చినప్పుడు మాత్రం పిల్లలు దాన్ని తమ ఇంటి మనిషిలా గుర్తుపెట్టుకున్నారు. నవ్వించిన ఆ పొరుగు జంతువు పిల్లలకు ఏ గురువూ నేర్పనిది నేర్పింది. మనం ఎంచుకోని వాళ్ల పక్కన, మనలాంటివాళ్లు కానివాళ్ల పక్కన ఎలా బతకాలో నేర్పింది. 1966 నుంచి 1969 దాకా, నాలుగేళ్ల లోపల, ఫ్రాన్స్‌లో ఒకటి, అమెరికాలో రెండు ఇలాంటి కార్యక్రమాలు మొదలయ్యాయి. ఆ మూడింటి చుట్టూ నా మాటలు సాగుతాయి.

గోడ

మొదటిది ఫ్రాన్స్‌ది. 1966లో ఫ్రెంచి టెలివిజన్‌లో మొదలైన ఆ కార్యక్రమంలో కుక్క పేరు టూటూ. 1968లో బీబీసీ దాన్ని ఇంగ్లీషులో చూపించడం మొదలుపెట్టాక ఆ కుక్క హెక్టర్ అయింది, కార్యక్రమం ‘హెక్టర్స్ హౌస్’ అయింది. ఒక్కో కథ దాదాపు ఐదు నిమిషాలు. ఓ ఇల్లు, ఓ తోట, తోట చుట్టూ గోడ. ఆ ఇంట్లో హెక్టర్ అనే కుక్కా, జాజా అనే పిల్లీ కలిసి ఉంటాయి. గోడ అవతల కీకీ అనే కప్ప ఉంటుంది. నిచ్చెన ఎక్కి గోడ మీద నుంచి తల పెట్టి మాట్లాడ్డం కీకీకి అలవాటు. పాత్రలు ఇంతే. ఆటస్థలం ఆ తోటే.

ఈ అమరికను కాస్త దగ్గరగా చూడండి. కుక్కా పిల్లీ బద్ధశత్రువులని లోకం అనుకుంటుంది. ఇక్కడ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఎందుకున్నాయో, ఎలా కుదిరిందో ఎవరూ చెప్పరు. పిల్లలూ అడగరు. తమ ఇంట్లో అమ్మమ్మా బాబాయీ ఎందుకున్నారని పిల్లలు ఎప్పుడైనా అడిగారా? హెక్టర్ పెద్దమనిషి. మంచివాడు, కాస్త మందబుద్ధి, తనకు అన్నీ తెలుసనుకుంటాడు. జాజా, కీకీ కలిసి అతన్ని ఆటపట్టిస్తాయి. కథ చివర హెక్టర్ కెమెరా వైపు తిరిగి, తానెంత వెర్రిబాగులవాడో తన పేరు పెట్టుకుని మరీ ఒప్పుకుంటాడు. దాదాపు ప్రతి కథకూ ముగింపు అదే.

కథలో నీతి చెప్పే పెద్ద లేడు. తప్పు చేసినవాడే, అందులోనూ అందరికన్నా పెద్దవాడే, తప్పు ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నందుకు ఎవరూ అతన్ని చిన్నచూపు చూడరు. మర్నాడు మళ్లీ అదే తోట, అదే గోడ, అదే స్నేహం. ఐదేళ్ల పిల్లకు ఇంట్లోగానీ బడిలోగానీ ఇది సులభంగా కనిపించని దృశ్యం. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడం పిల్లలు ఎంత అరుదుగా చూస్తారో మనందరికీ తెలుసు.

బీబీసీ ఈ ఐదు నిమిషాలను సాయంత్రం వార్తలకు ముందు వేసేది. అప్పటికే ‘ద మ్యాజిక్ రౌండబౌట్’ అనే మరో ఫ్రెంచి బొమ్మల కార్యక్రమం ఆ వేళకు పేరు తెచ్చిపెట్టింది. పిల్లలు నేల మీద కూర్చుని చూస్తుంటే, అప్పుడే పనుల నుంచి ఇల్లు చేరిన పెద్దలు వెనక నిలబడి చూసేవారు. ఇల్లంతా ఒకే మాటకు నవ్వే వేళ అది. పిల్లల కార్యక్రమానికి ఇంతకంటే మంచి వేళ లేదని నా నమ్మకం.

చెట్టు

రెండోది పిట్స్‌బర్గ్‌లో పుట్టింది. ఫ్రెడ్ రోజర్స్ అక్కడి డబ్ల్యూక్యూఈడీ కేంద్రంలో 1954లోనే ‘ద చిల్డ్రన్స్ కార్నర్’ అనే కార్యక్రమంలో తెర వెనక బొమ్మలాడించారు. మొదటి ప్రసారానికి ముందు రోజు కేంద్రం అధిపతి డొరొతీ డేనియల్ ఆయనకు ఒక చిన్న పులిబొమ్మ ఇచ్చారు. ఆమె పేరు మీదుగా దానికి డేనియల్ అని పేరు పెట్టారు. బొమ్మలాడించే చోటు నుంచి వాయిద్యం దగ్గరికి పరుగెత్తేటప్పుడు చప్పుడు రాకూడదని ఆయన గుడ్డ బూట్లు తొడుక్కున్నారు. తర్వాతి కాలంలో లక్షల మంది పిల్లలకు ఆయన గుర్తుగా మిగిలిన ఆ బూట్లు అలా వచ్చినవే.

‘మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్’ 1968 ఫిబ్రవరిలో దేశమంతటా ప్రసారం కావడం మొదలైంది. 2001 ఆగస్టు దాకా నడిచింది. అందులో ఊహాలోకపు ఊరు ఒకటుంది. అక్కడ ఒక ఓక్ చెట్టు. చెట్టు మొదట్లో ఎక్స్ అనే గుడ్లగూబ ఉంటుంది. అదే చెట్టుకున్న చిన్న ఇంట్లో హెన్రియెట్టా అనే పిల్లి ఉంటుంది. గుడ్లగూబకు చదువు పిచ్చి. పిల్లికి బిడియం, కాస్త అసూయ. ఆ పిల్లి మాటకు ముందో వెనకో ‘మియావ్’ చేర్చకుండా మాట్లాడలేదు. డేనియల్ పులి కాపురం ముళ్లు లేని గడియారంలో. పులి అన్నమాటేగానీ ఆ ఊళ్లో అందరికన్నా భయస్తుడు అతనే.

ఈ పాత్రల్లో ఎక్కువవాటికి గొంతు రోజర్స్‌దే. మార్గరెట్ మెక్‌ఫార్లండ్ అనే పిల్లల మనస్తత్వవేత్తతో ఏళ్ల తరబడి కూర్చుని, ఏ మాట ఏ వయసు పిల్లకు ఎలా వినిపిస్తుందో చర్చించి రాసుకునేవారు. తాను మాత్రం ఆ ఊహాలోకంలో మనిషిగా కనిపించేవారు కాదు. తన గదిలో కూర్చుని, ఇక కాసేపు ఊహించుకుందాం అని చెప్పి, బుల్లి ట్రాలీ బండిని అటు పంపేవారు. నిజమేదో ఊహ ఏదో పిల్లలకు తేటగా తెలియాలన్నది ఆయన నియమం.

ఆ నియమం ఎంత బరువు మోయగలదో 1968 జూన్‌లో తెలిసింది. రాబర్ట్ కెన్నెడీ హత్య జరిగిన వారంలోనే రోజర్స్ ఒక ప్రత్యేక కార్యక్రమం చేశారు. అందులో డేనియల్ పులి లేడీ అబెర్లిన్ అనే పాత్రను ఒక బుడగ ఊదమంటాడు. ఊదాక గాలి వదిలేయమంటాడు. లోపలి గాలి ఎటు పోయిందని అడుగుతాడు. అలా అడుగుతూ అడుగుతూ చివరికి, హత్య అంటే ఏమిటని అడుగుతాడు. ఒక చిన్న బట్టబొమ్మ నోట ఆ ప్రశ్న వచ్చింది. దేశంలోని ప్రతి ఇంట్లో పిల్లల నోటి దాకా వచ్చి ఆగిపోయిన ప్రశ్న అది. డేనియల్ గురువై ఉంటే ఆ ప్రశ్న అడగగలిగేవాడు కాడు, జవాబు చెప్పాల్సి వచ్చేది. భయపడే పొరుగువాడు గనక అడగగలిగాడు.

మరుసటి ఏడాది, 1969 మే 1న, ప్రజా ప్రసారాలకు ఇవ్వాల్సిన 2 కోట్ల డాలర్ల మీద అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు రోజర్స్ మాట్లాడారు. కటువుగా కూర్చున్న ఛైర్మన్ జాన్ పాస్టోర్ కొన్ని నిమిషాల్లోనే మెత్తబడ్డారు. పిల్లల కోపాన్ని, భయాన్ని గౌరవించి మాట్లాడడం దేశానికి చేసే సేవ అని రోజర్స్ వాదన. పిల్లల కార్యక్రమాలకు డబ్బు అడిగేవారు నేటికీ చూడదగిన ప్రసంగం అది.

వీధి

మూడోది ‘సెసమీ స్ట్రీట్’. 1969 నవంబరు 10న మొదలైంది. జోన్ గాంజ్ కూనీ, లాయిడ్ మోరిసెట్ దాని వెనక ఉన్నవారు. ఫోర్డ్, కార్నెగీ సంస్థలూ, అమెరికా ప్రభుత్వమూ కలిసి దాదాపు 80 లక్షల డాలర్లు సమకూర్చాయి. బొమ్మలు జిమ్ హెన్సన్‌వి.

ఈ కార్యక్రమం పుట్టుకలో జరిగిన ఒక సంగతి నా వాదనకు ప్రాణం. నిజమైన వీధి దృశ్యాల్లో మనుషులే ఉండాలనీ, బొమ్మల్ని వేరే దృశ్యాల్లో పెట్టాలనీ మొదట నిపుణులు సలహా ఇచ్చారు. రోజర్స్‌ది కూడా ఇంచుమించు ఇదే నియమమని మీరు గమనించే ఉంటారు. ఆ ప్రకారం కొన్ని భాగాలు తీసి 1969 వేసవిలో ఫిలడెల్ఫియాలో పిల్లలకు చూపించారు. పరిశోధకుడు ఎడ్వర్డ్ పామర్ ఒక పద్ధతి కనిపెట్టారు. టీవీ పక్కన మరో చిన్న తెర పెట్టి, దాని మీద ఏడెనిమిది సెకన్లకొకటి చొప్పున స్లైడ్లు మారుస్తూ ఉంటారు. పిల్ల చూపు ఎప్పుడు టీవీ వదిలి ఆ స్లైడ్ల మీదికి పోతుందో రాసుకుంటారు. బొమ్మలున్నప్పుడు పిల్లలు టీవీకి అతుక్కుపోయారు. వీధి రాగానే, పెద్దమనుషులు మాట్లాడుకోవడం మొదలవగానే చూపులు పక్కకు పోయాయి.

ప్రసారానికి కొద్ది నెలలే గడువుంది. అప్పుడు నిపుణుల సలహా పక్కన పెట్టి, పిల్లల చూపు చెప్పిన తీర్పు తలకెత్తుకున్నారు. వీధిలోనే కాపురముండే రెండు బొమ్మలు చేయమని హెన్సన్‌ను అడిగారు. అలా ఎనిమిది అడుగుల పైచిలుకు ఎత్తున్న పసుపుపచ్చ పక్షి బిగ్ బర్డ్, చెత్తడబ్బాలో ఉండే ఆస్కర్ పుట్టారు. పొరుగున బొమ్మ లేని వీధిని పిల్లలు వీధిగా ఒప్పుకోలేదు. ఇది నా అభిప్రాయం కాదు, ఆ పిల్లల చూపులు చెప్పిన మాట.

బిగ్ బర్డ్‌ను మొదట్లో ఓ వెర్రి పల్లెటూరి పెద్దమనిషిలా ఆడించారు. దాన్ని ఆడించిన కరోల్ స్పిన్నీకే అది నచ్చలేదు. ఈ పక్షి పెద్దవాడు కాకూడదు, పసివాడు కావాలి అన్నారు. అప్పటి నుంచి బిగ్ బర్డ్ అందరికన్నా పొడుగైన చిన్నపిల్లవాడు. వీధి వాళ్లకు దారి చూపేంత ఎత్తున్నా, బూటు తాడు కట్టుకోవడం రాని వయసు. ఇక ఆస్కర్ సంగతి. అతను ఏ జంతువో ఎవరూ చెప్పలేరు. చిరాకు అతని స్వభావం, చెత్త అతని సంపద. వీధిలో ఎవరూ అతన్ని బాగుచేద్దామని చూడరు, వెళ్లగొట్టాలనీ చూడరు. వస్తూ పోతూ పలకరిస్తారు, తిట్లు తిని నవ్వుకుంటారు. సర్దుకుపోవడమంటే ఏమిటో ఇంత సూటిగా చూపిన పాత్ర పిల్లల లోకంలో నాకు మరొకటి తెలియదు.

చేతిపని

ఈ కార్యక్రమాల గొప్పతనం భావంలోనే లేదు, చేతిలోనూ ఉంది. అది కూడా దగ్గరగా చూడాలి.

హెన్సన్ 1955లో వాషింగ్టన్‌లో ‘శామ్ అండ్ ఫ్రెండ్స్’ అనే ఐదు నిమిషాల కార్యక్రమంతో మొదలుపెట్టారు. అంతకు ముందు టీవీలో బొమ్మలాట అంటే ఒక చిన్న వేదిక కట్టి, దాని మీద బొమ్మలాడుతుంటే ముందు కెమెరా పెట్టడమే. హెన్సన్ వేదిక తీసేశారు. టీవీ చట్రమే వేదిక అన్నారు. ఆడించేవాళ్లు కెమెరా కంట పడకుండా కింద ఉండి, చేతులు తలకు పైగా ఎత్తి బొమ్మల్ని పట్టుకుంటారు. వాళ్ల ఎదురుగా ఓ చిన్న టీవీ ఉంటుంది. ఇంట్లో పిల్ల ఏం చూస్తుందో అదే వాళ్లూ చూస్తూ ఆడిస్తారు. ఆయన కెర్మిట్ కప్పను మొదట వాళ్లమ్మ పాత కోటు గుడ్డతో కుట్టారు. కళ్లు పింగ్‌పాంగ్ బంతి చెక్కలు. మెత్తని గుడ్డ గనక, లోపల చెయ్యి ముడుచుకుంటే ముఖం ముడుచుకునేది. చెక్కబొమ్మకు సాధ్యం కాని అలక, అనుమానం, సిగ్గు కెర్మిట్ ముఖంలో అలా వచ్చాయి.

బిగ్ బర్డ్ లోపలి శ్రమ మరీ కఠినం. స్పిన్నీ కుడిచేయి తలకు పైగా ఎత్తి పక్షి తలలో ఉంటుంది. చిటికెన వేలితో కనురెప్పలు ఆడించాలి. ఎడమచేయి ఎడమ రెక్క. కుడి రెక్కలో చెయ్యి ఉండదు. ఎడమచేయి కదిలినప్పుడు అది కూడా కదిలేలా కంటికి కనిపించని సన్నని తీగ కట్టారు. పక్షి కళ్లలోంచి బయటికి చూసే వీలు లేదు. రొమ్ముకు కట్టుకున్న చిన్న టీవీ తెరలో చూసుకుంటూ నడవాలి. దాదాపు యాభై ఏళ్లు స్పిన్నీ ఆ పని చేసి, 2018లో విరమించి, మరుసటి ఏడాది డిసెంబరులో కన్నుమూశారు. పిల్లల బొమ్మలాటలో ఇంత ఒళ్లు వంచే పనిని ‘ఏదో పిల్లలాట’ అనడానికి నోరెలా వస్తుంది?

పొరుగు చేసిన మేలు

ఇరుగుపొరుగు సుఖంలో నవ్వడానికే కాదు, కష్టంలో నిలబడడానికీ. సెసమీ స్ట్రీట్ ఈ పరీక్షకు నిలిచింది. వీధి మూల కొట్టు నడిపే మిస్టర్ హూపర్ పాత్ర వేసిన విల్ లీ 1982 డిసెంబరులో మరణించారు. ఇంకొకరితో ఆ పాత్ర వేయించవచ్చు, ఊరు వదిలి వెళ్లాడని చెప్పవచ్చు. వాళ్లు ఆ రెండూ చేయలేదు. పిల్లల నిపుణులతో సంప్రదించి, నిజమే చెప్పాలని తీర్మానించారు. ఆ భాగం 1983 నవంబరు 24న, ఇంటిల్లిపాదీ కలిసి ఉండే పండుగ రోజున ప్రసారమైంది.

బిగ్ బర్డ్ వీధిలోని అందరి బొమ్మలూ గీసి పంచుతాడు. హూపర్ బొమ్మ చేతిలో పట్టుకుని, ఆయనకు ఇవ్వాలి, ఎప్పుడొస్తాడని అడుగుతాడు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆయన చనిపోయాడని, ఇక రాడని చెబుతారు. ఇక కొట్టు ఎవరు చూస్తారు, పక్షులు తినే గింజలతో పాల పానీయం ఎవరు కలుపుతారని బిగ్ బర్డ్ దిగులుపడతాడు. జబ్బు చేసి పోయాడనిగానీ, ఆస్పత్రిలో పోయాడనిగానీ వాళ్లు చెప్పలేదు. జబ్బు చేసినప్పుడల్లా, ఆస్పత్రికి వెళ్లినప్పుడల్లా చనిపోతారేమోనని పసిపిల్లలు బెంబేలెత్తకూడదని ఆ జాగ్రత్త. అలా ఎందుకు జరగాలి అన్న ప్రశ్నకు, అలా జరుగుతుంది అంతే అన్నదే జవాబు. పెద్దలు తమకు తెలియనిది తెలియదని పిల్లల ముందు ఒప్పుకున్న సందర్భం అది.

ఇంకొకటి. బిగ్ బర్డ్‌కు 1971 నుంచి స్నఫీ అనే స్నేహితుడున్నాడు. ఏనుగంత జంతువు. పెద్దలు రాగానే ఏదో కారణాన వెళ్లిపోతాడు. ఎన్నిసార్లు చెప్పినా పెద్దలు నమ్మరు, ఊహించుకుంటున్నావంటారు. ఏళ్ల తరబడి అందరినీ నవ్వించిన చమత్కారమది. కాలం మారింది. పిల్లల మీద జరిగే అఘాయిత్యాల గురించి సమాజం మాట్లాడడం మొదలుపెట్టింది. పిల్ల నిజం చెబితే పెద్దలు నమ్మరన్న సందేశం పోతుందేమోనని కార్యక్రమం నడిపేవారు ఆందోళనపడ్డారు. 1985లో స్నఫీని పెద్దలందరికీ చూపించారు. ఇన్నాళ్లూ నమ్మనందుకు పెద్దలు బిగ్ బర్డ్‌కు క్షమాపణ చెప్పారు. పద్నాలుగేళ్లుగా పండుతున్న హాస్యాన్ని ఓ పిల్ల క్షేమం కోసం వదులుకున్నారు. హాస్యం రాసే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోదగిన నిర్ణయం ఇది.

మన వాకిట్లో

తెలుగువాళ్లకు ఇది కొత్త విద్య కాదు. 1853లో అచ్చయిన చిన్నయసూరి నీతిచంద్రికలో కాకి, ఎలుక, తాబేలు, జింక ఒకచోట చేరి స్నేహంగా కాలం గడుపుతాయి. మిత్రలాభంలో ఉన్నది ఇరుగుపొరుగే. ఆ కథ చదువుకున్నవాళ్లను అడగండి. అందులోని సూక్తులు ఎందరికి గుర్తున్నాయో గానీ, ఎలుక పళ్లతో వల కొరకడం మాత్రం అందరికీ గుర్తుంది. పిల్లల మనసు సూక్తిని వదిలి సాయాన్ని పట్టుకుంది.

తోలుబొమ్మలాటలోనూ అంతే. రామాయణం సాగుతుండగా మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి పడతారు. రాముడి కాలంతో వాళ్లకు పని లేదు. ఊళ్లో సంగతులు, మొగుడూ పెళ్లాల తగువులు వాళ్ల సరుకు. తెల్లవార్లూ జనం కదలకుండా కూర్చున్నది వాళ్ల మాటల కోసం కూడా. టీవీ చట్రం కింద హెన్సన్ కనిపెట్టిన మెలకువ, తెర వెనక దీపం వెలుగులో మన కళాకారులకు ముందే తెలుసు. ఆడించేవాడు కనపడకుండా బొమ్మే మాట్లాడినట్టు అనిపించాలన్నదే ఆ మెలకువ. నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అది ఆయన ఒక్కరిది కాదు, అక్కడ తోలుబొమ్మలాడించే కుటుంబాలన్నిటిదీ. ఆ కుటుంబాల్లో చాలామంది ఇప్పుడు అదే తోలు మీద అదే రంగులతో దీపాల గొడుగులు చేసి బతుకుతున్నారు. ఆ వేళ్లకు ఆట ఇంకా వచ్చు. ఆడించే చోటే కరువైంది.

టెలివిజన్ కూడా తెలుగు పల్లెలకు పిల్లల చేయి పట్టుకునే వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సాగిన సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా ప్రసారాలందాయి. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఉదయం వేళ ప్రసారాలు బడిపిల్లల కోసం. 2006లో సెసమీ స్ట్రీట్‌కు హిందీ రూపంగా ‘గలీ గలీ సిమ్ సిమ్’ వచ్చింది. బడి దుస్తుల్లో చమ్కీ అనే అమ్మాయి, బూంబా అనే సింహం ఒకే గల్లీలో ఉండేవాళ్లు. ఉత్తరాది గల్లీ ఒకటి తెర మీదికి వచ్చింది. మన వాడకట్టు రాలేదు.

మన పిల్లలు ఈ రోజు ఎక్కువగా చూస్తున్నది ఫోన్‌లో పాడే రంగురంగుల జంతువుల్ని. వాటికి ఇల్లు లేదు, పొరుగు లేదు, తగువు లేదు, రాజీ లేదు. అవి ఒకదానితో ఒకటి మాట్లాడవు, పిల్లలతోనే పాడతాయి. ఎదుటివాడి మాట వినే జంతువు ఒక్కటీ వాటిలో లేదు. పిల్లలు ఫోన్ చూస్తున్నారని బాధపడేకంటే, ఆ ఫోన్‌లో వాళ్లకు ఎలాంటి పొరుగువాళ్లను ఇస్తున్నామని అడగడం మేలు.

అందుకే ఈ వేదిక నుంచి నా విన్నపం ఇది. వారానికి ఐదు నిమిషాలు చాలు. ఒక గోడ, ఒక వేపచెట్టు, గోడకు ఇవతల ఒకరు, అవతల ఒకరు. ఉడుతా తొండా కావచ్చు, గేదే కొంగా కావచ్చు. బొమ్మలు చేయడానికి నిమ్మలకుంట కళాకారులను పిలవండి, వాళ్లకు చేతినిండా కూలి ఇవ్వండి. మాటలు రాయడానికి మన మంచి కథకులు రావాలి. శ్రీకాకుళం యాస, కరీంనగర్ యాస, అనంతపురం యాస ఒకే వాడకట్టులో పక్కపక్కన వినిపించాలి. తీసిన ప్రతి భాగాన్నీ ప్రసారం కాకముందే అంగన్‌వాడీ పిల్లల ముందు పెట్టి, వాళ్ల చూపు ఎటు పోతోందో చూడాలి. చివర నీతి చెప్పకండి. తప్పు ఎవరిదో పిల్లలు కనిపెడతారు.

విశ్వవిద్యాలయాలు, అకాడమీలు, ప్రసార సంస్థలు, విదేశాల్లోని తెలుగు సంఘాలు వేదికలకు, సన్మానాలకు పెట్టే ఖర్చులో కొంత దీనికి పెడితే చాలు, ఈ పని మొదలవుతుంది. ఏటా ఈ సభ జరిపిస్తున్న ధర్మనిధిని నడిపే కుటుంబం మొదటి అడుగు వేస్తే, రాసే పనిలో నా వంతు నేను చేస్తానని ఈ సభ ముందు మాట ఇస్తున్నాను. పిల్లల కోసం మంచి పని చేయాలనుకునేవారు ముందుకు రండి.